ముల్లు గీసిన గీత

మా బావ పోయాడన్న కబురు గిద్దలూరు బస్సు డ్రైవరు తెచ్చాడు. అప్పుడు నేను రెండో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. ఆయన బడి గుమ్మం దగ్గర నిలబడి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. అది చూడగానే నాకు సగం అర్థమయింది.

"మాస్టరూ, మీ బావ పొద్దున పోయినాడు. ఇదే బస్సులో నిన్ను ఎక్కించుకొని రమ్మని మీ అక్క చెప్పింది," అన్నాడు. తలగుడ్డ మడత పెడుతూ, "నా బండి మీటరు ఆయన బాగుచేసిందే. ఇంకా ఆడతా ఉంది," అన్నాడు.

ఒకప్పుడు మార్కాపురం మోటారు స్టాండు పక్కన రేకుల కొట్టులో కూర్చునే గడియారాల మేస్త్రీని మీలో పెద్దవాళ్లు ఎరిగే ఉంటారు. ఆయనే మా బావ, మా అక్క భర్త. మా నాయన పోయాక నన్ను తన ఇంట్లో పెట్టుకొని చదివించాడు. టీచరు ట్రైనింగుకు బయలుదేరిన రోజు నా ట్రంకుపెట్టె స్టేషను దాకా తన నెత్తిన మోశాడు. ఇటివ్వమంటే, "పంతులు కాబోయేవాడు పెట్టె మోస్తే ఏం బాగుంటాది, నడువు మాస్టరూ," అన్నాడు. ఆ రోజు నుంచి నన్ను పేరు పెట్టి పిలవలేదు. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసి ఊరుకోవచ్చు. అవి రాసే అర్హత నాకు ఉందో లేదో మాత్రం, ఇదంతా చదివాక మీరే చెప్పాలి.

బావ పొట్టి మనిషి. ఎడమ కంటికి భూతద్దం పెట్టి పెట్టి ఆ కంటి చుట్టూ గుండ్రంగా కాయ కాసింది. విప్పిన ప్రతి వస్తువునూ టీ గ్లాసు బోర్లించి దాని కింద పెట్టేవాడు. మధ్యాహ్నానికి బల్ల నిండా గ్లాసులే. ఎవరైనా టీ తాగుదాం మేస్త్రీ అంటే, గ్లాసు ఖాళీ లేదనేవాడు. చిన్న మరలను నాలుక కొసన పెట్టుకొని పని చేసేవాడు గనుక పని మీద ఉన్నంతసేపూ మాట ఉండేది కాదు. పని నేర్పమని వచ్చినవాళ్లకు ఒకటే చెప్పేవాడు: "ముందు చూడు, ఆనక ముట్టు. ముట్టినాక చూసేదానికి ఏమీ మిగలదు."

గడియారాలతో మొదలుపెట్టినా, మా వైపు బస్సులు తిరగడం మొదలయ్యాక మోటారు మీటర్లు కూడా ఆయన దగ్గరకు రాసాగాయి. వేగం చూపేది, ఇంజనులో నూనె ఒత్తిడి చూపేది, పెట్రోలు చూపేది. అవి చెడితే మద్రాసు పంపాలి. పంపినవి నెలలు గడిస్తే గాని తిరిగిరావు. బావకు ఇంగ్లీషు రాదు. ఒక్కో మీటరూ విప్పి, ఏది కదిలితే ఏది కదులుతుందో రోజుల తరబడి చూస్తూ కూర్చొని నేర్చుకున్నాడు.

ఒకసారి ఒక బస్సు యజమాని వచ్చి, వేగం మీటరు కాస్త తక్కువ చూపేటట్టు చెయ్యమన్నాడు. ముందు సీట్లో కూర్చున్నవాళ్లు ముల్లు చూసి భయపడుతున్నారట. బావ మీటరు గుడ్డలో చుట్టి తిరిగి ఆయన చేతికిచ్చాడు. "ముల్లు తనంత తాను అబద్ధం చెప్పదు సామీ. వెనక ఎవరో చెప్పిస్తారు. ఆ పని నాకు రాదు," అన్నాడు.

అప్పట్లో పలకల వ్యాపారం చేసే ఒక షావుకారు కొడుకు, సీమకు వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర రెండు సీట్ల కారు కొన్నాడు. ఎర్ర రంగు, పొడుగాటి ముక్కు, పైన కప్పు లేదు. పందాలకు పనికొచ్చే బండి అని ఊళ్లో చెప్పుకున్నారు. ఇంజను బాగానే ఉంది గాని స్టీరింగు ముందర ఉన్న అయిదు మీటర్లలో ఒక్కటీ ఆడదు. మా బావను పిలిపించారు.

బావ ఆ అయిదింటి మీద నెల రోజులు కూర్చున్నాడు. నూనె మీటరులో కొడవలిలా వంగిన సన్నని ఇత్తడి గొట్టం ఉంటుంది. ఒత్తిడి పెరిగితే అది నిటారు కావాలని చూస్తుంది. ఆ కాస్త కదలికే ముల్లును లాగుతుంది. ఆ గొట్టంలో కంటికి కనపడని పగులు ఉంటే, దాన్ని నీళ్లలో ముంచి ఊది, బుడగ ఎక్కడ వస్తుందో చూసి టంకం పెట్టాడు. వేగం మీటరులో వెంట్రుకలాంటి స్ప్రింగు తెగిపోయింది. పాత జేబుగడియారం స్ప్రింగు తీసి, కొసలు కత్తిరించి, వాడి చూసి, మళ్లీ కత్తిరించి సరిచేశాడు. మీటరు నల్లని ముఖం మీద చెరిగిన అంకెలు మళ్లీ రాశాడు. ముల్లుకు తెల్ల రంగు వేశాడు.

సరిచూసే పద్ధతి ఆయన సొంతది. కంభం రోడ్డు మీద కారులో కూర్చొని, చేతిలో జేబుగడియారం పట్టుకొని, ఒక మైలురాయి నుంచి ఇంకో మైలురాయికి ఎంత సేపు పట్టిందో చూసేవాడు. మైలుకు రెండు నిమిషాలైతే గంటకు ముప్పై. ముల్లు ముప్పై మీద నిలవాలి. ఆ రోజు ఏడుసార్లు అటూ ఇటూ తిరిగారు. ఏడోసారి నిలిచింది. దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో దిగి, "ఇంక దీన్ని నమ్మొచ్చు బాబూ," అన్నాడు. షావుకారు కొడుకు నవ్వి ఆయన భుజం తట్టాడు. ఇంటికొచ్చి అక్కతో ఆ భుజం తట్టిన సంగతే రెండుసార్లు చెప్పాడు.

ఏడాది తిరిగింది. ఎండలు ముదురుతున్న రోజుల్లో, షావుకారు ఇంటి మనిషి ఒకడు ఆ వేగం మీటరునే గుడ్డలో చుట్టి తెచ్చాడు. అద్దం పగిలింది, ముల్లు వంగింది. "యర్రగొండపాలెం రోడ్డులో కల్వర్టు గోడకు గుద్దుకునింది. పొద్దు గూకేలోపల కావాలన్నారు," అన్నాడు.

బడి వదిలాక నేను కొట్టుకు వెళ్లేసరికి బావ భూతద్దం తీసి నా చేతికిచ్చాడు.

"ఇది చూడు మాస్టరూ."

నల్ల ముఖం మీద యాభైకీ అరవైకీ మధ్య తెల్లని గీత ఉంది, గోటితో గీసినట్టు.

"గుద్దుకునినప్పుడు ముల్లు వెనక్కు వంగి ముఖానికి కొట్టుకునింది. దాని రంగు ఇక్కడ అంటింది. బండి నిలిచినాక ముల్లు సున్నాకు వచ్చింది గాని, గీత ఉండిపోయింది. యాభై ఐదు మీద పోతా గుద్దినాడు. బతికినాడంటే దేవుని దయ."

నేను చూశాను. బాగా చూశాను. బావ ఆ గీతను టర్పెంటైనుతో తుడిచి, నల్ల రంగు పూసి ఎండలో ఆరబెట్టాడు. ముల్లు సరిచేసి, కొత్త అద్దం కోసి బిగించాడు. పొద్దుండగానే మనిషి వచ్చి తీసుకుపోయాడు. అంత శుభ్రమైన పని ఆయన చేతుల్లో కూడా నేను ఇంకొకటి చూడలేదు.

మర్నాడు యర్రగొండపాలెం బస్సు వచ్చింది. ఆ కారు గోడకు తగలక ముందే ఒక గొర్రెల కాపరిని గుద్దిందని, ఆ మనిషి రోడ్డు పక్కనే ప్రాణం వదిలాడని డ్రైవరు చెప్పాడు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. తాను ఇరవై మైళ్ల మీద వస్తుంటే, గొర్రె కోసం మనిషే అడ్డం దూకాడని షావుకారు కొడుకు పోలీసులకు చెప్పాడట. ఇన్‌స్పెక్టరు కారు చూడటానికి వచ్చేలోపల మీటరు బాగుచేయించారు. ఆ తొందర ఎందుకో బావకు అప్పుడు అర్థమయింది.

ఆ పూట అన్నం ముట్టలేదు. పోలీసు స్టేషనుకు వెళ్లాడు. "మీటరు చూసినాం, దాని మీద గీత ఏదీ లేదే," అన్నాడట ఇన్‌స్పెక్టరు. "ఉండేది సార్. నేనే తుడిచినాను," అని బావ వాంగ్మూలం ఇచ్చి, దాని మీద వేలిముద్ర వేసి వచ్చాడు.

కేసు వాయిదాకు ముందు ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇద్దరం కంచాల ముందు కూర్చున్నాం.

"మాస్టరూ, నువ్వు కూడా చూసినావు గదా," అన్నాడు.

నేను సంగటి ముద్దను వేలితో నొక్కుతూ కూర్చున్నాను.

"ఒక్కని మాట నిలవదంట. ఇద్దరైతే బాగుంటాదని ఇన్‌స్పెక్టరు చెప్పినాడు."

మా బడి కొత్త గది షావుకారు కట్టించిందే. బడి మేనేజరు అంతకు ముందురోజే నన్ను పిలిచి, మీ బావ ఏమన్నా చేసుకోనీ, నువ్వు మాత్రం దాంట్లో తల దూర్చొద్దు అన్నాడు. నాకు మూడో బిడ్డ పుట్టి నెల కూడా కాలేదు. ఇవన్నీ నిజాలే. వీటిలో ఒక్కటైనా బావకు చెప్పి ఉంటే బాగుండేది. చెప్పకుండా కంచంలోకి చూస్తూ, "నాకు సరిగ్గా గుర్తు లేదు బావా," అన్నాను.

అక్క గరిటె పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది. బావ పులుసు గిన్నె నా వైపు జరిపాడు.

"సరేలే. సంగటి చల్లారిపోతాంది, తిను," అన్నాడు.

వాయిదా రోజు నేను సెలవు పెట్టి కోర్టుకు వెళ్లి వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ చెప్పలేను. బావ బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. షావుకారు తరఫు వకీలు లేచాడు.

"నువ్వు చెప్పే ఆ గీత ఇప్పుడు ఉందా?"

"లేదయ్యా."

"ఏమయింది?"

"నేనే తుడిచినాను."

కోర్టులో ఎవరో నవ్వారు. వకీలు ఆ నవ్వు ఆగేదాకా ఉండి, "నువ్వు కాక దాన్ని చూసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

బావ నా వైపు చూడలేదు. చూసి ఉంటే కోర్టంతా నా వైపు తిరిగేది. బైబిలు మీద నుంచి తీసిన చేతినే చూసుకున్నాడు.

"ఎవరూ చూడలేదయ్యా. నేనొక్కణ్ణే," అన్నాడు.

నిజం చెప్పడానికి బోనెక్కిన మనిషి నా కోసం ఒక అబద్ధం చెప్పాడు. నేను లేచి నిలబడి ఉండవచ్చు. మా మధ్య నాలుగు బెంచీలే ఉన్నాయి. లేవలేదు. కేసు కొట్టేశారు.

తరువాత సంగతులు చెప్పడానికి ఎక్కువ లేవు. మేస్త్రీకి మీటరు ఇస్తే బాగుచేసి, సాక్ష్యం కూడా చెప్తాడని స్టాండులో నవ్వుకున్నారు. బస్సుల యజమానులందరూ షావుకారుకు కావలసినవాళ్లే. మీటర్లు ఆగిపోయాయి, ఆ వెనకే గడియారాలూ ఆగిపోయాయి. ఇక బావ బల్ల మీద గ్లాసులన్నీ ఖాళీ. టీ తాగుదాం మేస్త్రీ అనేవాళ్లే లేరు.

మా చర్చి సంఘంలో నెలకొకసారి ప్రభువు బల్ల అని రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు; మనసులో తప్పు పెట్టుకున్నవాళ్లు వాటిని ముట్టకూడదంటారు. కోర్టు తరువాత వచ్చిన మొదటి బల్ల ఆదివారం రొట్టె పళ్లెం బావ దగ్గరకు వచ్చింది. ఆయన తీసుకోకుండా పక్కనున్న నాకు అందించాడు. గిన్నె వచ్చినప్పుడూ అంతే. నేను రెండూ తీసుకున్నాను. బయటికొచ్చాక పాదిరిగారు ఏమిటని అడిగితే, "మనసు కుదరలేదయ్యా," అన్నాడు. పోయేదాకా, తొమ్మిదేళ్లు, మళ్లీ ఆయన బల్ల తీసుకోలేదని మొన్న సమాధుల దొడ్డిలో అక్క చెప్పింది. చెప్పి నా మొహంలోకి చూడలేదు.

ఆ యేడే కొట్టు మూసి, అక్కను తీసుకొని గిద్దలూరు వెళ్లిపోయాడు. స్టేషను దగ్గర ఒక అరుగు మీద కూర్చొని గోడగడియారాలు చేసుకొని బతికాడు. నేను వెళ్లినప్పుడల్లా ఎదురొచ్చి చేతిలో సంచీ అందుకునేవాడు. నా పిల్లలను ఒక్కొక్కరినే పేరు పెట్టి అడిగేవాడు. చివర్లో దగ్గు వచ్చి పేర్ల మధ్య ఆగిపోయేవాడు. ఒక్క రోజూ ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. పోయిన యేడు నేనే ఆ మాట ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు చెప్పి ఏం లాభం మాస్టరూ? వినాల్సిన మనిషి వేరే ఉంది," అన్నాడు.

అప్పుడూ నేను వెళ్లలేదు. ఆయన్ను పూడ్చిపెట్టిన మూడోరోజు యర్రగొండపాలెం బస్సెక్కాను. దిగి, అడుగుతూ అడుగుతూ అడవి అంచున ఉన్న ఆ కాపరి పల్లెకు నడిచాను. కాపరి భార్య బావి దగ్గర గొర్రెలకు తొట్టిలో నీళ్లు తోడి పోస్తూ ఉంది. జుట్టు నెరిసింది. బావ పోయాడని చెప్పాను.

"ఆ గడియారాల మేస్త్రీనా," అంది. "కేసు పోయినాక వచ్చినాడయ్యా. ఈడనే నిలబడి, గీత తుడిచింది నేనేనమ్మా అని చెప్పినాడు. తెలియక చేసినాడు, ఏమంటాం. ఇంకొకాయన కూడా చూసినాడంట. ఎవరంటే చెప్పలేదు."

"నేనే అమ్మా," అన్నాను.

చేదతాడు ఆమె చేతిలో ఆగింది. "అప్పుడు చెప్పింటే?" అంది.

"ఏమయ్యేదో తెలియదు. భయపడి చెప్పలేదు."

 ఆమె చేద పైకి లాగి, ఎండలో నడిచి వచ్చిన మనిషిననో ఏమో, నా వైపు వంచింది. దోసిలి పట్టాను. నీళ్లు పోసింది. వాటిని నోటి దాకా తీసుకుపోవడం నా వల్ల కాలేదు. వేళ్ల సందుల్లోంచి కారి కాళ్ల దగ్గర మట్టి తడిసింది. రెండు గొర్రెపిల్లలు తొట్టి వదిలి వచ్చి ఆ తడి మట్టిని నాకుతున్నాయి. ఆమె ఇంకా పోస్తూనే ఉంది.