వదులు

మా పెద్దమ్మకు చెవుడని ఊరంతా అనుకుంటుంది. నిజానికి ఆమెవి పాము చెవులు. పక్కింట్లో గుసగుసలాడుకున్నా వినబడుతుంది.

లోయ మీద వేలాడే వంతెన మా తాతల కంటే పాతది, వట్టి ఇరుకు. అందుకే రెండు కొసల్లో గొలుసు కట్టి జనాన్ని విడతలుగా పంపేవారు. ఇవతలి గొలుసు పెద్దమ్మది. దారి ఖాళీ కాగానే అవతలి వైపు నుంచి "వదులు" అని కేక వచ్చేది, ఈమె గొలుసు తీసేది.

వంతెన బోల్టులు బిగించే ఫిట్టరు ఆమె తమ్ముడే, మా మామయ్య. వాళ్ల కాళ్లూ వీళ్ల కాళ్లూ పట్టుకుని ఆ పని వేయించిందీ ఈమే. ఓ ఉదయం అతను వంతెన మధ్యలో పలకల కింద పని చేస్తున్నాడు. దారి వదలమని చెప్పాల్సింది ఆ రోజు అతనే. ఉన్నట్టుండి "వదులు" అని అరిచాడు. "వదులేనా?" అని పెద్దమ్మ అడిగింది. "ఆ, వదులే" అన్నాడు. బోల్టు వదులైందని అతని ఉద్దేశం. జనాన్ని వదలమని ఆమెకు అర్థమైంది. గొలుసు తీసింది. పలక ఒరిగి, ముందు నడుస్తున్న పాలవాడు కింద నదిలో పడ్డాడు. శవం కూడా దొరకలేదు.

నీళ్ల హోరులో మిగతావాళ్లకు ఏదో కేక అని తప్ప తెలియలేదు. విచారణలో మామయ్య తల వంచుకుని, "నేను ఆగమన్నానండీ. మా అక్కకు సరిగ్గా వినబడదు" అన్నాడు. ఉద్యోగం ఊడుతుందని భయం. ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే తప్పు ఇద్దరిదీ కాకపోయేది. ఆ మాత్రం గుండె లేకపోయింది మనిషికి. పెద్దమ్మ అతని వంకే చూస్తూ, "అవునండీ, వినబడదు" అంది. ఆమె పని పోయింది. ఇంటికొచ్చి మా అమ్మ దగ్గర మాత్రం అంతా చెప్పుకుని ఏడ్చింది.

అప్పటి నుంచి అందరూ ఆమెతో అరిచి మాట్లాడతారు. పాలవాడి భార్య అసలు మాట్లాడదు. వంతెన ఇప్పుడు చారిత్రక కట్టడమట, మామయ్య దానికి పెద్ద మేస్త్రీ.

మొన్న మా ఇంట్లో అతను భోంచేస్తూ, "అక్కా, నీళ్లు" అని ఆమె చెవిలో అరిచాడు. నాకు ఒళ్లు మండి వంటింట్లోంచి లేచి వచ్చాను. పెద్దమ్మ నీళ్లు పోస్తూ అంటోంది:

"మనిద్దరమే ఉన్నాం కదరా. ఇప్పుడైనా మెల్లగా మాట్లాడు."

మామయ్య తలెత్తాడు. గుమ్మంలో నేను కనబడ్డాను. గ్లాసు ముందుకు జరిపి, గొంతు ఇంకాస్త పెంచి, "నీళ్లక్కా, నీళ్లు" అన్నాడు.