రమ్ము సీసా చుట్టూ చేరినవాళ్లు

నా చిన్నప్పుడు, దేవరకొండ దగ్గర మా ఊళ్లో, పక్కింటి మామ మిలట్రీ నుంచి సెలవు మీద వచ్చాడంటే వాడకట్టులోని మగవాళ్లకు పండగే. ఆయన పెట్టెలో రమ్ము సీసాలుంటాయని అందరికీ తెలుసు. పొద్దు వాలకముందే వచ్చి అరుగు మీద కూర్చునేవాళ్లు. అత్త వాళ్లకు పల్లీలు వేయించి పెట్టేది.

యుద్ధం ముగిసి వచ్చిన ఏడాది మామ మాట పడిపోయినవాడిలా ఉన్నాడు. అయినా వాళ్లు వదల్లేదు. యుద్ధంలో తన పక్కనున్న దోస్తు ఎట్లా చచ్చాడో చెప్పమనేవాళ్లు. మామ ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు. ఆ దోస్తు ఎటు ఒరిగాడో ఒకడు పడి చూపిస్తే మిగతావాళ్లు నవ్వేవాళ్లు. నిద్రలో శత్రువనుకుని మామ అత్త గొంతు పట్టుకున్న సంగతి కూడా వాళ్లకు నవ్వులాటే. కమిలిన మెడను కొంగుతో కప్పుకుని అత్త పల్లీలు తెస్తుంటే, నములుతూ ఆ మెడ వంకే చూసేవాళ్లు. తలచుకుంటే ఇప్పటికీ వాళ్ల మీద అసహ్యమే.

ఒక సాయంత్రం మా అవ్వ నా చెయ్యి పట్టుకుని వెళ్లి వాళ్ల మధ్యే కూర్చుంది. అందరికంటే గట్టిగా నవ్వే పెద్దమనిషి వైపు తిరిగింది. అంతకు ముందు ఎండాకాలమే అతని కొడుకు బావిలో పడి చనిపోయాడు.

“మీ పెద్దోన్ని బాయిలకెల్లి ఎట్ల తీసిండ్రు కొడుకా? జర చెప్పు. మేం గూడ నవ్వుకుంటం.”

గొంతు పెంచలేదు. అతను గ్లాసు కింద పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ లేచారు. వాళ్లలో ఒకడు మిగిలిన సీసా చంకలో పెట్టుకుపోయాడు.

అవ్వ కొంగు తొలగించి అత్త మెడ చూసింది. “ఇయ్యాల్టి సంది మా ఇంట్ల పండుకో బిడ్డా,” అంది. మామ అప్పుడు ఏడ్చాడు. సెలవు అయిపోయేదాకా ఆయన మా గొర్రెల మంద దగ్గరే పడుకున్నాడు. పూర్తిగా బాగుపడ్డాడని చెప్పను. అత్త మెడ మీద మాత్రం మళ్లీ మచ్చ చూడలేదు.

పెద్దయ్యాక సైనికుల కుటుంబాలకు కౌన్సెలర్‌నయ్యాను. తెలంగాణ వచ్చాక కూడా నల్లగొండ, పాలమూరు ఊళ్లు తిరుగుతూనే ఉన్నాను. వెళ్లిన చోటల్లా ఆ అరుగు మీద నవ్వినవాళ్లలాంటివాళ్లు తగులుతారు. ఇప్పుడు ఫోన్లు పట్టుకుని, సైనికుడి భార్య ఏడుస్తుంటే వీడియో తీస్తుంటారు. వాళ్లను లేపి బయటికి పంపి, తలుపు వేశాకే నా పని మొదలవుతుంది. ఏం జరిగిందో చెప్పమని నేనెవరినీ అడగను. చెప్పాలనిపించేదాకా పక్కన కూర్చుంటాను.

అలాంటివాళ్ల మీద అసహ్యం మనసులో పెట్టుకుని ఈ పని చేయకూడదని తోటివాళ్లు అంటారు. అదే లేకపోతే ఆ తలుపు దగ్గర మొహమాటపడేదాన్నేమో.