ఐసు పెట్టెలో పెళ్లి ఫోటో

నాకు కెమెరాల పిచ్చి నడివయసులో పట్టింది. తాడేపల్లిగూడెంలో మా పుట్టింటి వీధిలో ఉన్న పాత ఫోటో స్టూడియో మూసేస్తున్నారంటే, చిన్నప్పటి జ్ఞాపకం కదా, ఓసారి చూసొద్దామని వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటో నిండా సామాను. ఒక రీలు కెమెరా, రీలు కడిగే డబ్బాలు, నెగెటివ్‌లోని బొమ్మను పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రం. ఏలూరులో మాకు స్టేషనరీ షాపుంది. మావారు ఆ సామానంతా చూసి, "గ్రాఫు పుస్తకాల పక్కన పెట్టి అమ్మేద్దామా?" అన్నారు. మేడ మీద ఎవరూ వాడని బాత్‌రూమ్ కిటికీకి నల్ల కాగితం అంటించి, ఇక నుంచి ఆ గది నాది అన్నాను.

అప్పటి నుంచి ఆదివారం నేను ఇంట్లో ఉండను. పెదపాడు వైపు చెరువు గట్లు, గణపవరం దారిలో నాట్లు వేసే ఆడవాళ్లు, కొల్లేటి మీద గూడబాతులు. మెడలో రీలు కెమెరా, సంచిలో ఇన్‌స్టంట్ కెమెరా. ఈ రెండోది మా అమ్మాయి మొదటి జీతంతో కొనిపెట్టింది. నొక్కగానే నాలుక బయటపెట్టినట్టు బొమ్మను బయట పెడుతుంది. గట్ల మీద కనపడినవాళ్లకి ఒకటి తీసి చేతిలో పెడితే, తెల్ల కాగితంలోంచి వాళ్ల మొహం మెల్లగా తేలుతుంటే, వాళ్ల కంటే నాకే ఎక్కువ సంబరం. చుట్టాల ఇళ్లకి కూడా ఈ రెండింటినీ వేసుకునే వెళ్తాను. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు అని మావారు అంటారు. అననీండి. ఫోన్‌లో వేల బొమ్మలు తీసి ఒక్కటీ చూడని మనుషుల మాట నేను లెక్క చేయను.

రీలు కడగడానికి మా ఊళ్లో ఒకటే ఇబ్బంది, వేడి. మందు చల్లగా ఉండాలి. ఎండాకాలంలో మా కుళాయి నీళ్లలో కాఫీ పొడి వేస్తే డికాషన్ దిగుతుంది. అందుకని మందు సీసాను ఐసు తొట్టిలో నిలబెట్టాలి. ఆ ఐసు పంపేది మా బావగారు, అంటే మా అక్క భర్త. కలిదిండి దగ్గర ఆయనకి ఐసు ఫ్యాక్టరీ ఉంది. పక్కనే చేపలు ప్యాక్ చేసే షెడ్డు. ఆయన ఐసు చేపల మీద కూర్చుని హౌరా దాకా వెళ్తుంది కానీ, ఇంట్లో మాత్రం చేప మాటెత్తకూడదు. వెల్లుల్లి రెబ్బ కూడా గడప దాటని ఇల్లు అది. షెడ్డు నుంచి రాగానే బావగారు దొడ్డి దారిన వచ్చి స్నానం చేస్తే తప్ప మా అక్క మంచినీళ్లు ఇవ్వదు.

ఈ అక్కకి పెళ్లి ఫోటో లేదు. పెళ్లి తాడేపల్లిగూడెంలోనే, మా ఇంటి ముందు పందిట్లో జరిగింది. నేనప్పుడు లంగా జాకెట్టు వేసుకునే పిల్లని. ఫోటోలు తీసింది మా వీధి స్టూడియో ఆయనే. సందట్లో ఎవరు తొందరపెట్టారో, రీలు వెనక్కి చుట్టకుండానే కెమెరా మూత తీశాడు. వెలుగు పడింది, అంతే. జీలకర్ర బెల్లం లేదు, మంగళసూత్రం లేదు, తలంబ్రాలు లేవు. రీలంతా నల్లగా మాడిపోయింది.

"మాకు పెళ్లయినట్టు రుజువేదండీ? ఈవిడ ఊరికే వచ్చి మా ఇంట్లో ఉండిపోయింది" అని బావగారు ఇన్నేళ్లుగా వచ్చినవాళ్లందరి దగ్గరా అంటూనే ఉన్నారు. అక్క నవ్వుతుంది. కానీ ఎవరి పెళ్లి ఆల్బమ్ అయినా ఒళ్లోకి వస్తే ఒక్కో పేజీ దగ్గరా ఆగి, చివరికి వచ్చేసరికి కాఫీ తెస్తానని లోపలికి వెళ్లిపోతుంది. అది నేను చాలాసార్లు చూశాను.

నేను కొన్న కెమెరా ఆ స్టూడియోదే అని తెలిశాక, అక్క దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "నా పెళ్లి మింగింది ఇదేనా?"

"ఇదేనే."

"అయితే దీంతోనే కక్కించు. ఫోన్‌లో వద్దు నాకు. దీంట్లోనే రావాలి."

పెట్టె అడుగు నుంచి పెళ్లి పట్టుచీర తీసింది. జరీ నల్లబడింది, మడత పడిన చోటల్లా పట్టు అప్పడంలా ఎండిపోయింది. వేలితో మెల్లగా నిమిరి, "ఒక్కసారి కట్టుకోవడానికి ఆగుతుంది. రెండోసారికి ఉండదు" అంది. చూస్తే నాకూ అలాగే అనిపించింది.

శివరాత్రి వెళ్లి ఎండలు ముదురుతున్న రోజుల్లో ఓ ఆదివారం కలిదిండి వెళ్లాను. దారిలో రీలంతా గూడబాతులకి ఖర్చు పెట్టేయకుండా చివరి నాలుగు బొమ్మలు వాళ్లిద్దరికీ ఉంచాను. అక్క నా ఫోనూ, బావగారి ఫోనూ అడిగి తీసుకుని వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టేసింది. ఉత్తరం వైపు వరండాలో ఎప్పుడూ నీడే, మొహాల మీద వెలుగు మెత్తగా పడుతుంది. అక్కడ రెండు కుర్చీలు వేశాను. బావగారు మీసానికి కొత్తగా రంగు వేసుకుని, కండువా సర్దుకుని, పంచాయతీలో తీర్పు చెప్పేవాడిలా కూర్చున్నారు.

"కొంచెం నవ్వండి బావగారూ, చేపల లోడు కాదు, పెళ్లి."

"నవ్వితే మీసం వంకరొస్తుంది మరదలా. నువ్వు కానీ."

మొదటి మూడూ బాగానే తీశాను. చివరిది నొక్కే క్షణంలో ఆయన తల తిప్పేశారు. నాకు ఒళ్లు మండింది. "అయిపోయింది రీలు. ఉన్న ఒక్కటీ పాడుచేశారు, కెమెరా వైపు చూడమన్నానా లేదా?" అన్నాను. "మూడున్నాయిగా" అని ఆయన కండువా తీసేశారు.

ఇన్‌స్టంట్ కెమెరాతో కూడా ఒకటి తీసి అక్క చేతికిచ్చి, నేను రీలు వెనక్కి చుట్టే పనిలో పడ్డాను. చుట్టి, దాని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూత నొక్కి చూసేసరికి అక్క లేదు. మేడ మీద ఉంది. పిండి వడియాల మధ్య, మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఫోటోని వెల్లకిలా పరిచింది.

"అదేంటే!"

"తడిగా ఉందే, ఆరొద్దూ?"

రంగు తేలకముందే ఎండ తగిలిన ఆ ఫోటోలో పసుపు మరక ఒకటి, దాంట్లో మనుషుల్లాంటి రెండు నీడలు మిగిలాయి. వడియాలు మాత్రం బాగా ఆరాయి. ఇద్దరం నవ్వుకున్నాం. రీలుంది కదా అన్న ధీమా.

అక్క గదిలోకి వెళ్లి చీర మార్చుకుంటుంటే చర్రుమని చప్పుడైంది. కాసేపటికి ఆ చీరను రెండు చేతుల్లో కుప్పగా తెచ్చి మంచం మీద పెట్టింది. మడతమడతకీ చీలిపోయింది. "పోనీలే, దాని పని అయిపోయింది" అంది, చాలా తేలిగ్గా. భోజనాలు చేశాం. పప్పుచారు, వంకాయ కూర. కొత్తావకాయ రుచి చూపించడానికి ఇంకా నెల పడుతుందని అక్క విచారం. ఆ కడుపు బరువుకి అందరం నిద్రపోయాం.

లేచి చూస్తే వీధి అరుగు మీద పెట్టిన నా సంచిలో ఫిలిం డబ్బా లేదు.

"భద్రంగా దాచాను" అన్నారు బావగారు, గర్వంగా. "పడమటి ఎండ తిన్నగా నీ సంచి మీదే కొడుతోంది. ఫిలిం చల్లగా ఉండాలని నువ్వేగా అంటావు? పాలిథిన్ కవర్లో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, షెడ్డులో ఐసు పెట్టెలో పెట్టించా."

"ఇంట్లో ఫ్రిజ్ ఉందిగా బావగారూ!"

"కరెంటు పోతే ఫ్రిజ్ ఏం చేస్తుంది? ఐసుకి కరెంటుతో పనేంటి?"

పుట్టినప్పటి నుంచీ ఐసు అమ్మిన మనిషితో ఏం వాదిస్తాం? ఇద్దరం షెడ్డుకి నడిచాం. నేలంతా తడి. థర్మోకోల్ పెట్టె ఒక్కటి లేదు. మేస్త్రీ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "లోడు వెళ్లిపోయిందండీ. మీరు ఐసు వేయించి ఉంచిన పెట్టెలోనే బొచ్చె చేపలు సర్ది మూతేసేశారండి మావాళ్లు. హౌరా బండండీ."

బావగారి మొహంలో రక్తం లేదు. అప్పటికప్పుడు డ్రైవరుకి ఫోన్ చేశారు. దారిలో దించితే ఐసు కరిగి సరుకు పాడైపోతుందండీ, అక్కడ దింపాక వెతికిస్తానండీ అన్నాడు అతను. అతన్ని తప్పు పట్టడానికి లేదు. నాకు మాత్రం బావగారి మీద కోపం ఆగలేదు. "దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు" అని మొహం మీదే అన్నాను.

విషయం విని అక్క, "చేపల్లోనా?" అని మాత్రం అడిగింది. తరవాత మంచం దగ్గరికి వెళ్లి, చిరిగిన చీరను మళ్లీ మడతలు పెట్టడం మొదలుపెట్టింది. మడత పెట్టినకొద్దీ అది ఇంకా చిరుగుతోంది. అయినా మానలేదు. నేను చూడలేకపోయాను. రెండుసార్లు పెళ్లి ఫోటో పోగొట్టుకున్న మనిషిని నేను ఇంకెవరినీ ఎరగను.

ఏలూరు వచ్చేశాక కెమెరా ముట్టుకోబుద్ధి కాలేదు. అక్కకి ఫోన్ చేస్తే ఫోటో మాట తనూ ఎత్తేది కాదు, నేనూ ఎత్తేదాన్ని కాదు. ఓ రోజు తనే అంది: "బండి వచ్చిన చప్పుడైతే చాలు, అన్నం ముందు నుంచి మీ బావగారు లేచిపోతున్నారే. మొన్న ఎవరో వస్తే రుజువు లేదన్న మాట కూడా అనలేదు. నాకేం బాగోలేదు."

హౌరా మార్కెట్లో పెట్టె విప్పినవాళ్లు ఆ ఫిలిం డబ్బాని పారేయలేదు. ఏదో మందు డబ్బా అనుకుని పక్కన పెట్టి, బావగారు ఫోన్ చేయించాక డ్రైవరుకి అప్పగించారు. అది తిరుగు లోడు బండిలో, బెంగాలీ పేపరు చుట్టుకుని, కలిదిండి చేరింది. ఆ ముక్క వినగానే షాపులో బేరం వదిలేసి గట్టిగా అరిచాను.

మర్నాడే ఇద్దరూ ఏలూరు వచ్చారు. బావగారు చొక్కా జేబులో డబ్బా పెట్టుకుని, దాని మీద చెయ్యి తీయకుండా మెట్లెక్కారు.

"ఐసు తేలేదా బావగారూ?"

"నీకు దణ్ణం పెడతాను, దాని పేరెత్తకు మరదలా."

డబ్బా బల్ల మీద పెట్టానో లేదో, అక్క చెంబులో పసుపు నీళ్లు పట్టుకుని వచ్చేసింది. చేపల్లో తిరిగి వచ్చింది కదా, శుద్ధి చేయాలట. మూత సగం తీసి ఉంది. "ఆగవే తల్లీ!" అని అరిచి చెంబు లాక్కున్నాను. వడియాలు, ఐసు, పసుపు నీళ్లు. ఈ దంపతుల ప్రేమను తట్టుకోవాలంటే ఫిలిం ఉక్కుతో చేయాలి.

వీధి చివర సోడా బండి దగ్గర్నుంచి ఐసు తెప్పించి మందు చల్లార్చాను. రీలు కడగడం మొదలుపెట్టాను. మామూలుగా నాకు ఎంతో ఇష్టమైన పని అది. మందు పోసి, డబ్బా తిరగేస్తూ, ఏదో ఒక పాట కూనిరాగం తీస్తూ ఉంటాను. ఆ రోజు పాట రాలేదు. రీలు బయటికి లాగి వెలుతురుకి పట్టుకుంటే, ముందు గూడబాతులు, ఆ తరవాత, చివర్న, రెండు కుర్చీలు. చుక్క నీరు పోలేదు లోపలికి. అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చేశాను.

రీలు ఆరాక ఇద్దరినీ ఆ బాత్‌రూమ్‌లోకి రమ్మన్నాను. తలుపేసి ఎర్ర బల్బు వేశాను. బావగారు బోర్లించిన బకెట్ మీద కూర్చున్నారు. ముందు మంచి బొమ్మల్లో ఒకటి వేశాను. ఇద్దరూ తిన్నగా, బిగుసుకుని. అక్క "బాగుంది" అంది. అని, "ఆ చివరిది?" అంది.

"అది పాడైందే. బావగారు తల తిప్పేశారు."

"వెయ్యి."

కాగితం పళ్లెంలో వేసి మెల్లగా కదిపాను. ముందు రంగు వేసిన మీసం తేలింది. తరవాత అక్క జుట్టు, చీర అంచు, బొట్టు. చివరికి కళ్లు. అక్క కెమెరా వంక చూస్తోంది. బావగారు అక్క వంక చూస్తున్నారు. అంత మెత్తగా చూసే మనిషని ఇన్నేళ్లలో నాకు తెలియదు.

అక్క పళ్లెం మీదికి వంగి చాలాసేపు చూసింది.

"ఆ రోజు రీలు పాడవకుండా ఉన్నా ఇది వచ్చేది కాదే. అప్పటికి ఈయన నా మొహం కూడా సరిగ్గా ఎరగరు. అన్నిట్లోనూ పురోహితుడి వంకే చూస్తూ ఉండేవారు. నాకు ఇదే కావాలి, పెద్దది చేసియ్యి."

బకెట్ మీద నుంచి బావగారు గొంతు సవరించుకున్నారు. "ఎండ కళ్లలో పడుతుంటే అటు తిరిగాలే."

అక్క పళ్లెం మీద నుంచి తలెత్తలేదు.

"ఉత్తరపు వరండాలో ఎండెక్కడిదండీ?"