కొమురెల్లి మూర

కాశిబుగ్గలో పంక్చర్ షాపు కొమురెల్లి ఎక్కడుంటాడని ఎవరైనా అడిగితే, పక్కనున్న చాయ్ హోటల్‌వాళ్లు నోటితో చెప్పరు. అరచేతిని తమ గడ్డం దగ్గర అడ్డంగా పెట్టి చూపిస్తారు, ఇంత ఎత్తు మనిషి అని. అడిగినవాళ్లు నేరుగా అతని దగ్గరికే పోతారు. ఈ సంగతి కొమురెల్లికి తెలుసు. కోపం రాదా అంటే వచ్చేది. వచ్చి వచ్చి దానికే విసుగు పుట్టి రావడం మానేసింది.

ఒక్క సంగతి మాత్రం అతన్ని వదల్లేదు. వయసులో ఉన్నప్పుడు పోలీసు సెలక్షన్‌కు పోయాడు. పరుగులో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. కానీ పరుగు దాకా పోనిస్తే కదా! ముందే గోడ మీద గీసిన గీత కింద నిలబెట్టారు. నడినెత్తి ఆ గీతకు రెండు వేళ్లు తక్కువకు ఆగింది. మడమలు కాస్త లేపితే అందేవాడే. పక్కవాడు లేపాడు, పాసయ్యాడు. కొమురెల్లి లేపలేదు. "లేపితే నా ఎత్తు ఎట్లయితది, మడిమెల ఎత్తయితది గని" అని ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. ఆ నవ్వును నమ్మకండి. ఆ గోడ ఇంకా అతని కళ్లముందే ఉంది.

ఆదివారం వస్తే షాపు షట్టర్ దించి, వెదురు గాలం సైకిల్‌కు కట్టుకుని ఎర్రకట్ట చెరువుకు పోతాడు. వారమంతా నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగల కోసం చూసే మనిషి, సెలవురోజు కూడా నీళ్లలో బుడగలే చూస్తూ కూర్చుంటే అది సెలవెట్లా అవుతుందో అతని భార్య సమ్మమ్మకు ఇన్నేళ్లయినా అర్థం కాలేదు. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి గోడ మీద అతనికి తోడు ఇద్దరు ఖాయంగా ఉంటారు. ఒకరు ట్రాలీ ఆటో నడిపే కరీముద్దీన్, ఆరడుగుల మనిషి. రెండోవారు ఏదో సర్కారు దఫ్తర్‌లో పనిచేసి రిటైరైన కుమారస్వామి. మిగతావాళ్లు వస్తుంటారు, పోతుంటారు, చేపల్లాగే.

ఈ ఎండాకాలం చేపల సంఘం అధ్యక్షురాలు పద్మలత గాలాలవాళ్లందర్నీ మత్తడి దగ్గర కూర్చోబెట్టి కొత్త రూల్స్ చెప్పింది.

"మిరుగు తెల్లారి నుంచి రెండు నెలలు గాలం బంద్. కొత్తనీళ్లకు చేపలు గుడ్లు పెడ్తయి, వాటి జోలికి పోవద్దు. మిగిలిన దినాలల్ల బొచ్చె గానీ రవ్వ గానీ మూరెడు లేకపోతే మళ్ల నీళ్లల్ల ఇడిసిపెట్టాలె. గంతే."

మిరుగు అంటే మృగశిర కార్తె మొదటి రోజు. ఆ రోజు చేప తినకపోతే ఓరుగల్లులో మనిషి బతికి ఉన్నట్టు లెక్క కాదు. ఆ పండుగ వరకైనా వదిలిపెట్టింది కాబట్టి పద్మలత ఆ మత్తడి మీది నుంచి క్షేమంగా దిగింది.

"వల గాదాయె, పుట్టెడు తీసేది గాదాయె. గాలానికి గూడ కానూనా అక్కా?" అన్నాడు కరీముద్దీన్.

"రెండు నెలల ఆదివారాలు నేనింట్ల కూసోవాల్నా?" అని కుమారస్వామి లేచి నిలబడ్డాడు. "నేను చేపల కోసం వస్తాన అనుకున్నవా బిడ్డా? ఇంట్ల సీరియళ్లు సూడలేక వస్తాన!"

కొమురెల్లి అందరికన్నా గట్టిగా అరిచాడు. "గాలం మింగేటప్పుడు చేప ఆధార్ కార్డు సూపెడ్తదా? చిన్నదో పెద్దదో నాకెట్ల ఎరుక?"

అందరూ గొల్లున నవ్వారు. పద్మలత కూడా నవ్వింది. నవ్వి, "కాకా, నువ్వు పెద్ద బొచ్చెను పట్టింది ఎన్నడో జర యాది జేసుకో" అంది.

కొమురెల్లి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. నిజానికి గుర్తుకు రాలేదు. పోయినేడు పట్టినవన్నీ అరచేతిలో ఇమిడేవే. అతని నోరు మూయించడం సమ్మమ్మకే చేతకాదు. ఈమెకు ఒక్క మాట సరిపోయింది.

"పిల్లలనే ఏరుకోని తింటానం. ఇగ తల్లులేడికెళ్లి వస్తయి?" అని పద్మలత మెల్లగా అంది.

కుమారస్వామి దగ్గర మాత్రం ఇంకో ప్రశ్న ఉంది. దఫ్తర్ బుద్ధి ఎక్కడికి పోతుంది! "మూరెడు అంటానవ్, మంచిదే. ఎవల మూర? పూలమ్మే మల్లక్క కొలిచే మూరనా, కొనేటోళ్లు కొలుసుకునే మూరనా?"

"గది మీరే తేల్చుకోండ్రి" అంది పద్మలత.

అప్పుడు గాలాలవాళ్లు ఒక మూలకు చేరి గుసగుసలాడుకున్నారు. మూర ఎంత చిన్నదైతే చేపకు అంత కష్టం, తమకు అంత సుఖం. ఆ చెరువు గట్టు మీద అందరికన్నా పొట్టివాడెవడో వెతకాల్సిన పనే లేదు. కరీముద్దీన్ వచ్చి కొమురెల్లి చంకల కింద చేతులు వేసి అమాంతం పైకెత్తాడు. "అక్కా, గిదే మా మూర! కొమురన్న చెయ్యి!" అందరూ చప్పట్లు కొట్టారు. గాల్లో వేలాడుతూ కొమురెల్లి కూడా కొట్టాడు. పొట్టితనం వల్ల పదిమందికి మేలు జరగడం అతనికి అదే మొదలు. పద్మలత సరేనంది.

మరుసటి ఆదివారం కరీముద్దీన్ గాలానికి ఒక రవ్వ పడింది. ఠీవిగా తెచ్చి తడిగుడ్డ మీద పెట్టి, "కొలువు కొమురన్నా" అన్నాడు. కొమురెల్లి మోచేతిని చేప మూతి దగ్గర ఆనించి, వేళ్లు చాపాడు. వేళ్లు తోకను దాటి అవతలికి పోయాయి.

"సరిగ పెట్టు" అన్నాడు కరీముద్దీన్. సరిగ్గానే పెట్టాడు. నమ్మకం కుదరక కరీముద్దీన్ తన చెయ్యే పెట్టి చూశాడు. తన మూరకు చేప సరిపోయింది! అప్పుడు ఇద్దరూ చేతులు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ఆరడుగుల కరీముద్దీన్ మూర కన్నా కొమురెల్లి మూర ఒక వేలు పొడుగు.

మనిషి పొట్టి, చేతులు పొడుగు. రెడీమేడ్ చొక్కా ఏది తొడిగినా దాని చేతులు అతనికి పొట్టి అవుతాయని సమ్మమ్మ ఎన్నాళ్లుగానో మొత్తుకుంటోంది. కానీ షాపులో ఎప్పుడూ చొక్కా చేతులు పైకి మడిచే ఉండే మనిషిని ఎవరు గమనిస్తారు? కరీముద్దీన్ రవ్వను మళ్లీ నీళ్లలో వదిలేశాడు. కుమారస్వామి నవ్వు ఆగక గోడ పట్టుకుని కూర్చున్నాడు. మూర మార్చమని పద్మలతను అడగడానికి మొహం చెల్లలేదు. చప్పట్లు కొట్టింది తామేనాయె.

ఆరోజు నుంచి కొమురెల్లి చేతికి తీరిక లేదు. అవతలి గట్టు నుంచి కూడా "మూర సారూ!" అని కేకలు వచ్చేవి. అతను తన గాలం పక్కన పెట్టి, చెయ్యి మోచేతి దాకా తడుపుకుని పోయి కొలిచేవాడు. ఆధార్ కార్డు అడిగిన మనిషి ఇప్పుడు గోరంత తేడా వచ్చినా ఒప్పుకోడు. కొలిచిన చెయ్యి నీచు వాసన అని సమ్మమ్మ పక్కకు జరిగి పడుకునేది. కొమురెల్లికి అది కూడా గొప్పగానే ఉండేది.

ఇక అసలు చిక్కు వియ్యంకుడితో వచ్చింది. మొన్న మాఘమాసంలో కొమురెల్లి కొడుకు పెళ్లయింది. కోడలు సుభాషిణిది స్టేషన్ ఘన్‌పూర్. ఆమె తండ్రి సుదర్శన్ వ్యవసాయదారుడు. తాటిచెట్టంత మనిషి, నోరు అంతకన్నా పెద్దది. పెళ్లి పందిట్లో అందరి ముందు, "బావా, నువ్వు చేపను గుంజుతవా, చేపనే నిన్ను గుంజుతదా?" అన్నాడు. పందిరంతా నవ్వింది. కొమురెల్లికి రోషం వచ్చింది.

"మిరుగు నాడు మా ఇంటికి రా బావా. బజారు చేప గాదు. నా గాలానికి పడ్డ చేప నీ ఇస్తార్ల ఎయ్యకపోతే నా పేరు కొమురెల్లే గాదు."

అన్నమాట అన్నట్టు మిరుగు వచ్చింది, ఆదివారం నాడే. సుదర్శన్ కూడా వచ్చాడు. పొద్దున రైలు దిగి, ఇంటికి పోకుండా కరీముద్దీన్ ఆటోలో నేరుగా చెరువుకే వచ్చి, కొమురెల్లి పక్కన కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. రేపటి నుంచి గాలం బంద్. ఈరోజు పడకపోతే ఇక పరువు పడినట్టే.

బెండు నీళ్ల మీద బొమ్మలా నిలబడింది. ఎర్రలు మార్చాడు, పిండి మార్చాడు, చోటు మార్చాడు. ఎండ నెత్తికెక్కింది. "బావా, అవి గూడ పండుగకు వాళ్ల అత్తగారింటికి పోయినయో ఏమో" అన్నాడు సుదర్శన్. ఇంటి నుంచి సమ్మమ్మ ఫోన్. "మసాల నూరి పెట్టిన. చేపేది?" కొమురెల్లి ఫోన్ జేబులో పెట్టేశాడు. సిగ్గుతో వియ్యంకుడి వైపు చూడకుండా మళ్లీ ఎర్ర గుచ్చాడు.

అప్పుడు బెండు ఒక్క గుంజుకు మునిగింది. గాలం విల్లులా వంగింది. కొమురెల్లి ముందుకు తూలాడు. ఇతన్నే చేప గుంజుతుందేమోనని కాసేపు అందరికీ అనిపించింది కూడా. చివరికి పెద్ద తలకాయ బొచ్చె ఒకటి గట్టున పడి తపతపా కొట్టుకుంది. సుదర్శన్ ఈల వేశాడు. కరీముద్దీన్ చేపను తడిగుడ్డ మీద పెట్టాడు. కొమురెల్లి చెయ్యి తడుపుకుని పక్కన ఆనించాడు.

రెండు వేళ్లు తక్కువ.

కుమారస్వామి ఆకాశంలో ఏదో ఉన్నట్టు అటు తిరిగి, "నేనేం సూస్తలేను" అన్నాడు. కరీముద్దీన్ వంగి చెవిలో చెప్పాడు. "పిడికిలి ముయ్యి కొమురన్నా. పిడికిలి మూర గూడ మూరనే గద. పండుగాయె, ఎవలడుగుతరు?"

కొమురెల్లి వేళ్లు ముడిచి చూశాడు. నిజమే, పిడికిలి మూస్తే చేప మూర దాటుతుంది. వియ్యంకుడి ముందు తల నిలబడుతుంది. జీవితమంతా ఇంకొంచెం పొడుగుంటే బాగుండునని ఏడ్చిన మనిషి, ఈ ఒక్కసారికి పొట్టివాడైతే చాలు.

"రెండు వేళ్ల కాడ ఏమున్నది బావా!" అన్నాడు సుదర్శన్.

ఆ మాటతో కొమురెల్లికి గోడ కనబడింది. గీత కనబడింది. పక్కన మడమలు లేపినవాడి మొహం కూడా కనబడింది. అతను పిడికిలి విప్పి, వేళ్లు నొప్పి పుట్టేదాకా చాపాడు. తర్వాత చేపను రెండు చేతులతో ఎత్తుకుని నీళ్లలోకి దిగాడు.

"పో బిడ్డా. నువ్వైతే పెరుగుతవు. పెరిగి రా" అని వదిలాడు. బొచ్చె ఒక్క క్షణం అతని చేతుల్లోనే నిలిచి, తోక విదిలించి వెళ్లిపోయింది.

అప్పటికి బజార్లో చేపలు ఎప్పుడో అయిపోయాయి. సమ్మమ్మ చింతచిగురులో ఎండు రొయ్యలు వేసి వండింది. చేప దొరకని ఇళ్లలో మిరుగు నాడు మింగే ఇంగువ బెల్లం ఉండలు కూడా చుట్టి పెట్టింది. సుదర్శన్ విస్తరి ముందు కూర్చున్నాడు. ఇక ఎగతాళి మొదలుపెడతాడని కొమురెల్లి తల వంచుకున్నాడు.

"చెల్లే, రెండు వేళ్లు అనంగనే మా బావ ముఖం ఎందుకట్లయింది?" అని సుదర్శన్ సమ్మమ్మను అడిగాడు. సమ్మమ్మ పోలీసు సెలక్షన్ సంగతి చెప్పింది. సుదర్శన్ చేతిలోని ముద్దను మళ్లీ విస్తరిలో పెట్టాడు.

"నేనైతే మడిమెలు లేపుదును బావా" అన్నాడు. "ఇయ్యాల పిడికిలి గూడ ముడుద్దును." ఆ తర్వాత, "ఇంకింత కూర ఎయ్యి చెల్లే" అని విస్తరి ముందుకు జరిపాడు. రెండుసార్లు వేయించుకున్నాడు. ఆ మనిషి మీద కొమురెల్లికి అంత ప్రేమ పుడుతుందని పెళ్లినాడు ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేవాడు కాదు.

సాయంత్రం పద్మలత కబురు పంపింది. అందరూ మత్తడి దగ్గరికి పోయేసరికి ఆమె నీలం రంగు డబ్బాతో నిలబడి ఉంది. "రెండు నెలలైనంక మళ్ల వస్తరు. కాక రానినాడు ఏ మూరతోని కొలుస్తరు? కాకా, గోడ మీద చెయ్యి పెట్టు."

కొమురెల్లి చొక్కా చెయ్యి మడిచి, గోడకు మోచెయ్యి ఆనించి, వేళ్లు బారుగా చాపాడు. కరీముద్దీన్ బ్రష్ పట్టుకుని చుట్టూ గీశాడు. సగం రంగు చేతికే పూశాడు. చెయ్యి తీశాక గోడ మీద నీలం చెయ్యి ఒకటి మిగిలింది. సుదర్శన్ తన చెయ్యి దాని మీద పెట్టి చూసి, "అరె, నాది గూడ తక్కువే" అని ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు, ఘన్‌పూర్‌లో చూపించడానికి.

కొమురెల్లి కొంచెం దూరం జరిగి నిలబడ్డాడు. గోడ, గోడ మీద గీత. ఈసారి ఆ గీత తనే. కళ్లు తడిసినా తుడుచుకోలేదు, చేతినిండా రంగు కదా.

"మూర సారూ," అన్నాడు కుమారస్వామి వెనక నుంచి, "ఇగ నువ్వు లేనప్పుడు ఏదన్న చేప రెండు వేళ్లు తక్కువొచ్చిందనుకో, ఏం జెయ్యాలె?"

"మళ్ల రమ్మని చెప్పి పంపాలె" అన్నాడు కొమురెల్లి. "నాకు ఆ మాట ఎవ్వలు చెప్పలే."