ఏసీ గదిలో పుట్టిన పట్టుపురుగులు

1996లో, హోలీ పోయిన మరుసటి వారం జరిగిన సంగతి ఇది. అప్పుడు నేను ఢిల్లీలో పాలం డొమెస్టిక్ టెర్మినల్లో ఏసీ ప్లాంట్ ఆపరేటర్ని. మాది కదిరి దగ్గర పల్లె. నాకు అక్షరాలు ముప్పై దాటినాక వచ్చినాయి, మా పాప పలక మీద దిద్దుతా ఉంటే పక్కన కూర్చొని నేర్చుకున్నవి. యంత్రం మీది గేజీ ముల్లు చదవడం మాత్రం అంతకు ముందే వచ్చు. ఆ పనికి అది చాలు.

ఏసీ అంటే చాలామంది గోడకు తగిలించే డబ్బా అనుకుంటారు. అంత పెద్ద హాలుకు డబ్బాలు ఏ మూలకు? కింద చిల్లర్ అనే యంత్రం నీళ్లను చల్లబరుస్తుంది. ఆ నీళ్లు పైపుల్లో ఏహెచ్‌యూ గదికి వస్తాయి. ఏహెచ్‌యూ అంటే ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్. ఒక పెద్ద ఫ్యాను, దాని ముందర చల్లటి పైపుల చుట్ట, అంతే. అది హాల్లోని గాలిని వెనక్కి లాక్కొని, చల్లబరిచి, మళ్లీ హాల్లోకి తోస్తుంది. విమానం కోసం కూర్చొని మీరు పీల్చే గాలి మా గదిలోంచి వచ్చిందే. ఆ సంగతి ఎవరికీ తెలీదు. తెలియాల్సిన పనీ లేదు.

విమానం తప్పిపోయి ఏడ్చేవాళ్లను చూస్తే మా ప్లాంట్‌లో ఒక మాట అనుకునేవాళ్లం. "నేడు కాకుంటే రేపు పోతారు, దీనికింత గోల ఎందుకు?" నేనూ అనేవాణ్ణే.

ఆ మధ్యాహ్నం కౌంటర్ నుంచి ఫోను వచ్చింది. ఎవరో ఆడమనిషి ఏసీ ఆపమని గొడవ పెట్టుకుంటోందంట, ఆమె భాష ఎవరికీ అర్థం కావడం లేదంట. "మీ మద్రాసీ మనిషే, నువ్వు రా" అన్నారు. ఢిల్లీలో వింధ్య దాటినవాళ్లం అందరం మద్రాసీలమే.

పోయి చూస్తే, యాభై దాటిన ఆమె, నూలుచీర, హాలు మూల గాలి తగలని చోట నేల మీద కూర్చొనింది. ఒళ్లో వెదురుబుట్ట. బుట్టకు నల్లగుడ్డ చుట్టి ఉంది. దాని మీద రెండు చేతులూ గొడుగు పట్టినట్టు పట్టింది.

"ఏమ్మా, చలేస్తోందా?" అన్నాను తెలుగులో.

ఆమె తల ఎత్తి నన్ను పైనుంచి కిందికి చూసింది. "నాకు చలైతే కొంగు కప్పుకోనా? దీనికప్పా. ఈ ఎండు గాలి దీనికి పడదు. ఎవురికి చెప్పినా ఇనరే."

పేరు ఓబులమ్మ. హిందూపురం దగ్గర పల్లె. పట్టుపురుగుల చాకీ పెంచుతుంది. పురుగు పుట్టినాక కుబుసం విడిచే మొదటి రెండు నిద్రలూ దాటేదాకా పసిబిడ్డలాగా సాకాలి, దాన్నే చాకీ అంటారు. అది ఆమె చేసి, తర్వాత ఊళ్లోని రైతులకు పంచుతుంది. జమ్ము వైపు ఏదో విత్తన కేంద్రంలో తెల్లటి గూడు కట్టే కొత్త రకం పురుగు గుడ్లు ఇస్తామంటే, పట్టు ఆఫీసు వాళ్లు టికెట్టు కొనిచ్చి పంపినారు. తిరుగు దారిలో అక్కడ వాన పట్టుకొని విమానం ఆలస్యంగా లేచింది. ఇక్కడికొచ్చేసరికి బెంగుళూరు విమానం పోయింది. మళ్లీ సీటు రేపు మధ్యాహ్నానికే.

అలవాటుగా నా నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. "పోనీలేమ్మా, రేపు పోతే ఏమైతాది?"

"రేపు పొద్దున ఇవి పుడతాయి" అనింది ఆమె. "పుట్టినంక పూట లోపల ఆకు పడకపోతే చస్తాయి. ఈ ఊర్లో మల్బరీ ఆకు ఎవురిస్తారన్నా నాకు?"

కొంచెం కొంచెంగా చెప్పింది. ఊళ్లో ఎవరికీ కొత్త రకం ఇష్టం లేదు. పసుప్పచ్చ గూడు కట్టే పాత రకమే మేలన్నారు. ఈమె ఇంటింటికీ తిరిగి, నాదే పూచీ అని ఒప్పించింది. ఎవరూ ఈ మేపుకు పాత విత్తనం తెచ్చుకోలేదు. తోటల్లో ఆకు ఏపుగా నిలబడి ఉంది. ఈమె ఉత్త చేతులతో పోతే ఆ ఆకంతా ముదిరి గొడ్ల పాలు. "నా మాట మీద నిలబడినారు. ఇంకోసారి నిలబడరు. నిలబడగూడదు కూడా" అనింది.

ఆ మాటతో నాకు మా ఏహెచ్‌యూ గది గుర్తొచ్చింది. చల్లటి పైపుల కింద ఎప్పుడూ తేమే. చీకటి గది. ఎవరూ రారు. బయట వైపు నుంచే తలుపు. "నా గదికి రామ్మా, దీనికి సరిపోయే చోటు" అని బుట్టకు చెయ్యి చాపినాను.

ఆమె బుట్టను వెనక్కి లాక్కొనింది. ముక్కు ఎగబీల్చింది. "బీడీ తాగినావు."

"ఎప్పుడో పొద్దున."

"పొద్దున్నే తాగినా అది చేతికే ఉంటాది. పొగాకు చెయ్యి తగిలితే బిడ్డలు కక్కుకొని చస్తాయి. సబ్బేసి మోచేతుల దాకా కడుక్కొని రా. నోరు కూడా."

నా వయసులో ఒక ఆడమనిషి చేత నోరు కడుక్కొని రమ్మనిపించుకున్నాను. పోయినాను కూడా.

కుళాయి దగ్గర చేతులు రుద్దుకుంటా ఉండగా ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ సాయంత్రమే హాల్లో దోమల మందు కొట్టేది. హాల్లో మందు కొడితే ఆ గాలి ఎక్కడికి పోతుంది? హాలు గాలిని వెనక్కి లాగే రిటర్న్ ఎయిర్ దారిలో నేరుగా మా గదికే. బీడీ వాసనకే చచ్చే ప్రాణుల్ని తీసుకుపోయి విషం గాలి లాగే నోట్లో పెట్టబోయినాను.

షిఫ్టు ఇంజనీరు ఖన్నా సాబ్ దగ్గరికి పోయినాను. రిటర్న్ డ్యాంపర్ మూసేసి, ఆ ఒక్క యూనిట్‌ను బయటి గాలి మీద నడుపుతాను సాబ్ అన్నాను. డ్యాంపర్ అంటే గాలిదారికి ఉండే రేకు తలుపు. ఎందుకని అడిగినాడు. చెప్పినాను.

ఆయన పెన్ను కింద పెట్టినాడు. "అచ్ఛా. హాల్లో పురుగుల్ని చంపడానికి మనిషిని పిలిపించింది మనమే. నీ గదిలో పురుగుల్ని బతికించడానికి యంత్రం దారి మార్చాల్సిందీ మనమే."

"ఇవి పట్టుపురుగులు సాబ్."

"మా ఇంట్లో అల్మారా నిండా ఉన్నాయి పట్టుపురుగులు, చీరల రూపంలో. నా జీతం తినేవి అవే." కాసేపు నవ్వి అన్నాడు, "ఠీక్ హై. హాల్లో వేడి పెరిగితే మాత్రం జవాబు నీది."

డ్యాంపర్ మూసి, సందులకు తడి గోనెపట్ట కుక్కి, తలుపు కింద పాత చీర దూర్చినాము. రాత్రంతా ఆడమనిషి ఒక్కతే ఉండకూడదని మా ఆవిడను పిలిపించినాను. ఖన్నా సాబే పాసు రాయించినాడు. మా ఆవిడ అన్నం గిన్నెతో వచ్చి, నేను మళ్లీ చేతులు కడుక్కోవడం చూసి, సంగతి కనుక్కొని, ఓబులమ్మ పక్కన చతికిలబడింది.

"ఇరవై ఏండ్లుగా బీడీ మానమని నేను చెప్తే చెవిన పెట్టలేదక్కా. నీ పురుగులు చెప్తే వినినాడు."

"పురుగుల మాట ఇనేవాళ్లు ఉంటారు చెల్లీ" అనింది ఓబులమ్మ. "పెండ్లాం మాట ఇనేవాళ్లనే నేను చూడలేదు."

ఇంక ఆకు. మల్బరీని ఢిల్లీలో శహతూత్ అంటారు. మా క్వార్టర్ల వెనక పంజాబీ ఆంటీ ఇంటి పెరట్లో పెద్ద చెట్టుంది. చీకటి పడకముందే సైకిలేసుకొని పోయినాను. మంచి వెడల్పాటి ఆకులు సంచి నిండా కోసి తెచ్చి గొప్పగా ముందర పోసినాను.

ఓబులమ్మ ఒక ఆకు తీసి రెండు వేళ్ల మధ్య నలిపింది. "ఇంత పెద్ద ఆకు యాడిదన్నా? చెట్టా? మల్బరీ చెట్టైతాదా?" ఆమె ఊళ్లో మల్బరీని నడుము ఎత్తు దాటకుండా కొట్టేస్తారంట. మాను అయిన మల్బరీని ఆమె పుట్టినప్పటి నుంచీ చూడలేదు. మానంత ఉందని చేతులు చాపి చూపిస్తే, చేతిలోని ఆకును ఇంకోసారి తిప్పి చూసింది. తర్వాత ఆకులన్నీ నా వైపు తోసేసింది. "ఇది ముదురు. పసిబిడ్డ నోట్లో సంగటి ముద్ద పెడ్తావా? కొనలో మెరిసే ఆకు ఉంటాది చూడు, దాని చుట్టుపక్కల లేతవి. రోడ్డు పక్కవి వద్దు, దుమ్ము. తెల్లవారుజామున మంచు ఆరకముందు తుంచి, తడిగుడ్డలో చుట్టి తేవల్ల."

చెప్పినట్టే తెచ్చినాను. ఆంటీ నిద్రమొహంతో గేటు తీసి, "ఆకులైతే కోసుకో భయ్యా, కాయ ఒక్కటి రాలినా నీ సంగతి చూస్తా" అనింది. కాయ రాలకుండా కొన మీద లేతాకు తుంచడం ఎట్లాంటి పనో మీరే చేసి చూసుకోండి.

నేను గదికి వచ్చేసరికి బయట తెల్లవారుతోంది. ఓబులమ్మ స్నానం చేసినట్టు ముఖం కడుక్కొని, బుట్టను తలుపు దగ్గరికి తెచ్చి పెట్టుకొనింది. కొత్త ఫిల్టర్ వచ్చిన అట్టపెట్టె ఒకటి అడిగి తీసుకొని, లోపల శుభ్రమైన కాగితం పరిచింది. నల్లగుడ్డ విప్పింది. లోపల అట్టల మీద గుడ్లు. గసగసాల కంటే కొంచెం పెద్దవి. ఒక్కో గుడ్డులో నల్లటి చుక్క.

"ఆ చుక్క తల" అనింది. "రెండు దినాలుగా తయారుగా ఉండాయి. చీకట్లో పెడితే ఇంతవరకే ఆగుతాయి, ఇంక ఆగవు. ముందు తయారైంది ఎనకదాని కోసం ఆగుతాది. ఎలుగు చూసినంక అన్నీ ఒకేతూరి లేస్తాయి."

నేను నమ్మలేదు. నేను యంత్రాల మనిషిని. రెండు ఫ్యాన్లను ఒకేసారి లేపాలంటే ఎంత కష్టమో నాకు తెలుసు.

తలుపు సందులోంచి వెలుతురు అట్ట మీద పడింది. కాసేపు ఏమీ లేదు. నేను మొహం తిప్పుకోబోయినాను. "చూడన్నా" అనింది మెల్లగా.

అట్ట కదిలింది. అట్టే కదిలిందనుకున్నాను. ఒక మూల నుంచి ఇంకో మూలకు, గాలికి పైరు ఊగినట్టు, గుడ్లన్నీ పగిలి నల్లటి వెంట్రుకముక్కలు తల ఎత్తినాయి. ఒకటి రెండు కాదు, అట్టంతా. శబ్దం లేదు. నా వెనక అంత పెద్ద ఫ్యాను తిరుగుతా ఉన్నా ఆ నిశ్శబ్దం నాకు వినిపించింది. వేలవేల ప్రాణాలు, కళ్లు తెరిచిన నిమిషంలోనే మెడ చాచి ఆకు కోసం వెదుకుతా ఉన్నాయి. వీటికి ఎవరు చెప్పినారు? ఆగమని ఎవరు చెప్పినారు, లేవమని ఎవరు చెప్పినారు? మా ఆవిడ శిలువ గుర్తు వేసుకొనింది. నేను గుడికీ చర్చికీ పెద్దగా పోయేవాణ్ణి కాదు. ఆ రోజు మాత్రం చెప్పులు విడిచేసినాను. ఎందుకు విడిచినానో నాకే తెలీదు.

ఓబులమ్మ ముందు నాలుగు పురుగుల మీద ఒకే ఒక ఆకుముక్క పెట్టింది. ఢిల్లీ ఆకు వీటికి పడుతుందో లేదో. ఊపిరి బిగబట్టి చూసినాము. అవి ఎక్కినాయి. అంచున కొరికినాయి. అప్పుడు ఆమె మిగిలిన ఆకును ఉగ్గుకు తరిగినట్టు సన్నగా తరిగి చల్లింది. కోడి ఈకతో పురుగుల్ని మెల్లగా పెట్టెలోకి దించింది.  పని అయినాక ఈకను కొంగుకు తుడిచి బుట్టలో పెట్టుకొనింది.

మధ్యాహ్నం విమానం ఎక్కేటప్పుడు అట్టల మీద ఇంకా పగలని గుడ్లు కొన్ని ఉన్నాయి. "ఆలస్యంగా పుట్టేవాటిని మేము పారేస్తాం. తోటివాటితో కలిసి నిద్రపోవు, కలిసి లేవవు, మందను చెడగొడతాయి" అనింది. పారేయద్దు, నాకియ్యమ్మా అన్నాను. నా చేతులు ఒకసారి వాసన చూసి ఇచ్చింది.

ఆ సాయంత్రం కౌంటర్లో పనిచేసే అమ్మాయి మా ప్లాంట్ దాకా నడిచి వచ్చింది. ఎప్పుడూ కిందికి రాని పిల్ల. "అంకుల్, బెంగుళూరు ఎయిర్‌పోర్టు కౌంటర్ నుంచి ఫోను. ఆ బుట్ట ఆంటీ వాళ్ల చేత చేయించిందంట. బిడ్డలు క్షేమం, ఆకు తింటున్నాయి, అని చెప్పమనింది. ఏ బిడ్డలు అంకుల్?" అనింది. చెప్తే నమ్మలేదు.

నాకిచ్చిన ఆలస్యపు గుడ్లు మరునాడు పుట్టినాయి. మా ఇంట్లో చెప్పుల అట్టపెట్టెలో పెరిగినాయి. ఆంటీ చెట్టు ఆకు తిన్నాయి. వాటి పుణ్యాన ఇంట్లో బీడీ పోయింది. నెల తిరక్కముందే పెట్టె మూలల్లో తెల్లటి గూళ్లు కట్టినాయి. పనికిరావని పారేయబోయినవే అంత తెల్లగా కడితే, ఓబులమ్మ పెట్టెలో పోయినవి ఊరిని నిలబెట్టే ఉంటాయి. ఆమె ఊరి మాట నేను మళ్లీ వినలేదు. అయినా నాకు అనుమానం లేదు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా అదే ప్లాంట్‌లో పనిచేసినాను. హాల్లో విమానం తప్పిపోయి కూర్చున్నవాళ్లను చూస్తే, ముందు ఒళ్లో ఏముందో చూసేవాణ్ణి. రేపు పోతే ఏమైతాది అని మాత్రం మళ్లీ ఎవరినీ అనలేదు.