పద్యానికి బదులు పలికిన మాటలు

రాజోలులో నాటకం నేర్పే మాస్టారు ఇక లేరన్న వార్త నాకు అమలాపురంలో, తరగతి గది గుమ్మంలో తెలిసింది. చెప్పినవాడు బోడసకుర్రు రేవులో పడవ నడిపే సరంగు. తలగుడ్డ విప్పి చేత పట్టుకొని, "పంతులు గారూ, మాస్టారు తెల్లారగట్ట వెళ్లిపోయేరండి. మీకు తప్పకుండా చెప్పమని వారి అమ్మాయిగారు మరీమరీ అన్నారండి," అన్నాడు. నేను వివరిస్తున్న పద్యం సగంలో ఉన్నది. తక్కిన సగం వదిలి పుస్తకం మూశాను.

ఆ మహనీయుని యెదుట ఒప్పుకోవలసిన తప్పు ఒకటి ఏడేళ్లుగా నాలో ఉన్నది. వేసవి సెలవులకు వెళదాము, దసరాకు వెళదాము అనుకుంటూ రాజోలుకు దాటవలసిన ఏటికి ఈవలనే కూర్చున్నాను. ఇప్పుడు ఒప్పుకోవడానికి చదువరులు తప్ప ఎవరూ మిగలలేదు.

యుద్ధం నాటి మాట. అప్పుడు నేను రాజోలు పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. మాస్టారు ఒక కొబ్బరి వర్తకుని వద్ద గుమాస్తా. థర్డు ఫారంతో చదువు ముగిసిన మనిషి. కిరసనాయిలు కరువు కనుక, ఎండు కొబ్బరి ఆరబోసే కొట్టులో పొద్దు వాలకముందే కొత్తవారికి అభినయం నేర్పేవారు. పద్యం పాడగలనన్న ధీమాతో నేనూ చేరాను. నా కంఠం విని ఆయన, "కంఠానికి లోటు లేదండి పంతులు గారూ. చెవులున్నాయో లేదో చూద్దామండి," అన్నారు.

మొదటి నెల పద్యమే లేదు. తన ఉత్తరీయాన్ని పొడవునా నేల మీద పరిచేవారు. దానికి ఆవల రంగస్థలం. ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, ఒకరు ఏదో ఒక మాట అనాలి, రెండవవారు దానిని నిజమని నమ్మి బదులు చెప్పాలి, అనేవారు. వ్రాసిన మాట ఒక్కటీ ఉండదు. నా వంతు వచ్చిన రోజున ఎదుట నిలిచిన కంసాలి యువకుడు, "నాన్నా, వరదొచ్చేసిందండి! గట్టు తెగిపోయిందండి!" అన్నాడు. నేను ఉన్నవాణ్ణి ఉన్నట్టే నిలబడి, "వైశాఖంలో వరదలేమిటయ్యా?" అన్నాను.

కొట్టంతా గొల్లున నవ్వింది. మాస్టారు నవ్వకుండా, "ఆయ్! పంతులు గారు పంచాంగం చూసేరండి. ఈలోగా మనవంతా మునిగిపోయేం," అన్నారు. తరువాత దగ్గరకు వచ్చి, మెల్లగా, "ఎదుటివాడు వరదంటే మీ పంచె తడవాలండి. అతనన్నది తప్పా ఒప్పా అని చూసేరో, నాటకం అక్కడే చచ్చిపోద్దండి," అన్నారు. శాస్త్రమంతా చదివిన నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

మరొకమారు, రేవుకు వెళ్లి ఒక మనిషిని చూసి 'తెమ్మన్నారు'. నేను తాటిముంజెలు అమ్మే ముసలమ్మను చూసి వచ్చి, ఆమె దైన్యాన్ని ఉపమానాలతో సహా ఏకరువు పెట్టాను. ఆయన ఓపికగా అంతా విని, "వ్యాఖ్యానం బాగుందండి. ముసలమ్మేదండి?" అన్నారు. తానే చతికిలబడి, లేని గంప మీది లేని గుడ్డను సవరించి, తడి చేతిని నడుముకు తుడుచుకొని, ఎండకు చేయి అడ్డం పెట్టి అవతలి ఒడ్డుకేసి చూశారు. ముసలమ్మ వచ్చి మా మధ్య కూర్చున్నది. ఆయన ఎవరినీ బాగున్నదని మెచ్చుకొనేవారు కారు. నచ్చితే ఒక కొబ్బరి ముక్క తీసి చేతిలో పెట్టేవారు. నాకు అది దక్కడానికి ఏడాది పట్టింది.

అటువంటి గురువుకు నేను చేసినది వినండి.

యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు నేనొక నాటకం వ్రాశాను. రాణిని కోల్పోయిన రాజు కథ. రాజు మాస్టారు, మంత్రిని నేను. శవం ముందు రాజు చదివే సీసపద్యం కోసం నేను నెలరోజులు తపస్సు చేశాను. ప్రదర్శనకు మూడు నెలల ముందు మాస్టారి ఇల్లాలు టైఫాయిడు జ్వరంతో పోయింది. ఆపుదామన్నాము. "వద్దండి. చేద్దామండి," అన్నారు, అంతే.

ఆ ఘట్టం వచ్చింది. హార్మోనియం శ్రుతి అందించింది. పద్యం రాలేదు. మాస్టారు రాణి పక్కన నేల మీద కూర్చున్నారు. కిరీటం తీసి పక్కన పెట్టారు. చాలా చిన్న గొంతుతో, వచనంలో, ఏదో మాట్లాడడం మొదలుపెట్టారు. పందిట్లో స్త్రీలు కళ్లొత్తుకోవడం నాకు కనబడింది. అయినా నా చెవికి ఒక్కటే తెలుస్తున్నది: నా పద్యం లేదు. మరచిపోయారనుకొన్నాను. మరచిపోతే మాత్రమేమి అని ఇప్పుడు తోస్తున్నది; అప్పుడు తోచలేదు. ఓర్వలేక, మంత్రి వేషంలో ఉన్న నేను ముందుకు వచ్చి, సీసం మొత్తం రాగయుక్తంగా ఎత్తుకొన్నాను. "వన్స్ మోర్!" అని జనం కేకలు వేశారు. నేను మళ్లీ పాడాను. అవును, మళ్లీ పాడాను!

రెండు మార్లూ ఆయన తలవంచి విన్నారు. పిమ్మట లేచి నా భుజం మీద చేయి వేసి, "అవును మంత్రీ, నేను పలుకవలసినది ఇదే. దుఃఖంలో మరచిపోయాను," అన్నారు. అది నాటకంలోని మాటే అని అందరూ అనుకొన్నారు. నా అపరాధాన్ని నిజమని స్వీకరించి, దానికి బదులు చెప్పి, సభలో నా పరువు నిలబెట్టారు. ఆ తరువాత ఆయన ముఖానికి రంగు పూసుకోలేదు. ఎవరైనా అడిగితే, "నేర్పుతానండి. వేషం మటుకు వెయ్యనండి," అనేవారు. మరుసటి ఏడు నాకు అమలాపురం బదిలీ అయింది.

వార్త విన్న రోజున ఏరు దాటి వెళ్లాను. అప్పటికి దహనం అయిపోయింది. శిష్యులు వీధిలో నిలబడి ఉన్నారు. మాస్టారి కుమార్తె నన్ను లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చింది.

"బాబాయి గారూ, మీకు కబురు చేసింది ఇందుకేనండి. ఆ నాటకం నాటికి నేను మండపేటలో పురిటి మంచం మీదున్నానండి. 'ఆ రోజు మీ అమ్మతో మాట్లాడుకుంటన్నానమ్మా, మధ్యలో లేపేసేరు,' అనేవారు నాన్న. ఏం మాట్లాడేరు నాన్నా అంటే, 'ఆ మాటలు మళ్లీ రాలేదమ్మా,' అని ఊరుకునేవారండి. పందిట్లోవాళ్లకి మాటలందలేదంటండి, మీరు పక్కనే ఉన్నారు కదండీ. అమ్మతో ఏవన్నారండి?"

కావ్యాలకు కావ్యాలు నాకు కంఠస్థం. ఒకమారు విన్న శ్లోకాన్ని అప్పగించగలవాడినని బాల్యంలో పేరు పొందాను. ఆయనకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నాను. మొదట ఇల్లాలిని ఏమని పిలిచారో, ఏమి అడిగారో, దేనికి క్షమించమన్నారో, ఒక్క పలుకు, ఒక్క పలుకైనా నాలో లేదు.

"నేను వినలేదమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి నమ్మలేదు. దుఃఖం వల్ల చెప్పలేకపోతున్నానని అనుకొన్నది. "తొందరేం లేదండి బాబాయి గారూ, నిమ్మళంగానే చెప్పండి," అని చాప పరిచింది. తానూ ఎదురుగా కూర్చొని, చెంగు నోటికి అడ్డం పెట్టుకొని, నా పెదవులకేసి చూస్తూ ఉండిపోయింది.