ఫిలింకి రెండు చప్పట్లు

మా పాప ఒకటో తరగతి చదువుతోంది. బడి జూబ్లీహిల్స్‌లో. మేముండేది ఫిల్మ్ నగర్‌లో, రెండు గదుల అద్దె వాటాలో. ఈమధ్య వాళ్ల క్లాసులో ఇంగ్లీషు మాటలకు చప్పట్లు కొట్టడం నేర్పుతున్నారు. మాట పలికినప్పుడు ఎన్ని ముక్కలుగా వినిపిస్తే అన్ని సిలబుల్స్, అన్ని చప్పట్లు. టేబుల్‌కి రెండు, బనానాకి మూడు. చూడడానికి ఆటలాగే ఉంటుంది. ఆ ఆటలోనే మా పాప నోరు మూతపడింది.

టీచర్ ఫోన్ చేసి చెబితే నాకు తెలిసింది. 'ఫిల్మ్' అన్న కార్డు చూపిస్తే పాప రెండు చప్పట్లు కొట్టిందట. ఇంగ్లీషులో దానికి ఒక్కటే. కానీ పాప పుట్టినప్పటి నుంచీ విన్నది ఫిలిం. ఆటోవాళ్లు, కూరగాయల బండి ఆవిడ, సినిమాల్లో పనిచేసే వాళ్ల నాన్న, నేను, అందరం ఫిలింనగర్ అనే అంటాం. పక్కన కూర్చున్న పిల్ల, "మీ డాడీవి ఫిలింలు, మా డాడీవి ఫిల్మ్స్" అందట. క్లాసంతా నవ్వింది. అప్పటినుంచి పాప బడిలో తెలుగు కూడా మాట్లాడడం లేదు. మంచినీళ్లు కావాలంటే ఖాళీ సీసా ఎత్తి చూపిస్తోందట.

అది విన్నాక నాకు వేరే ధ్యాస లేకుండా పోయింది. అన్నం తినేటప్పుడూ, నిద్రపోయేటప్పుడూ దాని పెదవుల వైపే చూస్తున్నాను. పిల్లలు ఇలా మాట మానేస్తే మళ్లీ వస్తుందా అని ఎవరిని అడగాలో తెలియలేదు. అడిగితే ఏం చెబుతారోనని భయం కూడా.

ఇంట్లో మా అత్తగారు ఇంకోరకంగా మౌనం పట్టారు. ఇదివరకు గుమ్మంలోనే, "ఇస్కూలు అయిపోయిందా బంగారం?" అని ఎదురెళ్లేవారు. ఇప్పుడు తువ్వాలు అందించి లోపలికి వెళ్లిపోతున్నారు.

"ఏంటత్తయ్యా, దాంతో మాట్లాడట్లేదు?" అన్నాను.

"నా ఇంగ్లీషుకి చప్పట్లు కొడితే దాని చేతులు వాచిపోతాయి అమ్మాయ్. నన్నొదిలెయ్."

నవ్వుతూనే అన్నారు. కళ్లు మాత్రం నావైపు తిప్పలేదు.

నేను డబ్బింగ్ చెబుతాను. వేరే భాషల సీరియళ్లలో, ప్రకటనల్లో చిన్నచిన్న పాత్రలకు నా గొంతు. తెర మీద మనిషి నోరు ఎన్నిసార్లు తెరుచుకుంటే మన మాట అన్ని ముక్కల్లోనే పడాలి. ఆ వారం ఒక ప్రకటనకు చెబుతుంటే సౌండ్ ఇంజనీరు ఆపేశాడు.

"మేడం, తెర మీద గామె క్యామ్రా అంటుంది. మీరు కెమెరా అన్నరు. ఒకటి ఎక్కువైంది."

"కెమెరాకి మూడే కదండీ."

"మీకు మూడు. గామెకు రెండు. జర మూతి చూసి చెప్పుండి."

ఆ సంగతి రాత్రి అన్నాల దగ్గర మా ఆయనకు చెప్పాను. పాప పెరుగన్నం కలుపుకుంటూ తల వంచుకునే ఉంది. వింటోందనుకోలేదు.

శనివారం టీచర్ పాపనీ నన్నూ రమ్మంది. క్లాసు ఖాళీగా ఉంది. టీచర్ కార్డుల్లోంచి ఒకటి తీసి పాప ముందు పెట్టింది. కెమెరా బొమ్మ. పాప చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"తప్పైనా పర్లేదు నాన్నా, ట్రై చెయ్" అంది టీచర్.

నా చేతులు వాటంతటవే దగ్గరికి వస్తుంటే చున్నీ కింద దాచుకున్నాను. పాప చాలాసేపు టీచర్ నోటినే చూసింది. తర్వాత ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో అడిగింది.

"ఎవరు అన్నట్టు కొట్టాలి మిస్?"

"అంటే?"

"నానమ్మ అన్నట్టా? అమ్మ వాళ్ల స్టూడియోలో అన్నట్టా? మీరన్నట్టా?"

టీచర్ కెమెరా అన్న మాటను తనలో తాను రెండుసార్లు పలుక్కుంది. ఒకసారి రెండు ముక్కలు, ఒకసారి మూడు. "నేనే రెండు రకాలుగా అంటున్నానండీ" అంది నాతో. తర్వాత పాపవైపు వంగి, "ముందు నువ్వు అను. నువ్వెలా అంటే అన్ని కొట్టు. టెస్టులో ఏది రాయాలో నేను తర్వాత చెబుతాలే" అంది.

పాప "కెమెరా" అని మూడు కొట్టింది. మెల్లగా, వినబడీ వినబడకుండా.

ఇంటికొచ్చాక పాప వాళ్ల నానమ్మ పక్కన కూర్చుంది. ఆవిడ కాస్త జరిగి చోటిచ్చారు.

ఇవాళ బడి వదిలాక గేటు దగ్గర టీచర్ కనబడి, పాప క్లాసులో తనంతట తాను ఒక మాట చెప్పిందని చెప్పింది. ఏ మాటో చెప్పేలోపే ఇంకో తల్లి వచ్చి ఆమెను పలకరించింది. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి పాపనే అడగాలని నాలుక మీదికి వస్తోంది. అడిగితే మళ్లీ నోరు మూసుకుంటుందేమోనని ఆగాను. పాప నిద్రపోయింది. నేనింకా అడగలేదు.